నైట్ విజన్ కెమెరా నన్ను ఎలా మోసం చేసింది? ఊళ్లో పిల్లుల గొడవ, ఒక పాత ఫోన్, మా ఇంటికొచ్చిన టైప్-సి

ఈసారి రివ్యూ యూనిట్ లేదు, బెంచ్‌మార్క్ స్కోర్లు లేవు. మూడు వేల రూపాయలు కూడా దాటని సెటప్‌తో మా పెరట్లో జరిగిన కథ చెప్తాను. కెమెరా ఫుటేజ్ చూసి తొందరపడి ఒక నిర్ణయానికి వచ్చే అలవాటు మీకూ ఉంటే, ముఖ్యంగా మీకోసమే ఇది.

మా ఊరు బోనకల్. ఖమ్మం జిల్లా, కాజీపేట–విజయవాడ రైల్వే లైన్ మీద ఉంటుంది. అర్ధరాత్రి గూడ్స్ బండి పోతున్నా మాకు నిద్ర చెడదు, చిన్నప్పటి నుంచి అలవాటు. అలాంటి మమ్మల్ని వరసగా మూడు వారాలు లేపి కూర్చోబెట్టినవి పిల్లులు. పసిపిల్ల ఏడ్చినట్టు ఒక అరుపు, తర్వాత రేకుల మీద దబదబ, ఆ తర్వాత ఊళ్లో కుక్కలన్నీ ఒకేసారి మొదలు. వర్క్ ఫ్రమ్ హోమ్ అని వచ్చిన నాకు పొద్దున తొమ్మిదింటి మీటింగ్‌లో కళ్లు మూతలు పడేవి.

ఇంతలో పక్కింటి బాబాయ్ కోడిపిల్లలు ఒక్కొక్కటే మాయమవడం మొదలైంది.

నేను చేసిన తప్పు

కొత్తగా కొన్న వైఫై కెమెరాని పెరటి గోడ మీద పెట్టాను. రెండో రాత్రే క్లిప్ దొరికింది. తెల్లగా మెరిసే కళ్లతో, లేత రంగు ఒళ్లున్న ఒక పిల్లి ఇంకోదాని మీద పడి కొరుకుతోంది. పగలు మా గుమ్మం దగ్గర తిరిగే లేత రంగు పిల్లి ఒక్కటే, అల్లంమురబ్బా రంగు పిల్లి. ఇంకేం ఆలోచించలేదు. "దొరికింది దొంగ" అని క్యాప్షన్ పెట్టి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పడేశాను.

పొద్దున్నే బాబాయ్ గోడ అవతల నుంచి పిలిచాడు. "ఏరా అబ్బాయ్, ఆ ఎర్రపిల్లేగా? నేననుకుంటూనే ఉన్నా. ఎలకల మందు తెచ్చి పెట్టా, చేపముక్కలో కలిపి పెడతా ఇయ్యాళ."

ఆ పిల్లి అప్పుడు నా చెప్పుల పక్కనే కూర్చుని ఉంది. దాని తోక చివర్లో వంకర. పుట్టుకతోనే అలా ఉంటుంది కొన్నిటికి, మన దగ్గర వీధిపిల్లుల్లో అప్పుడప్పుడూ కనిపిస్తుంది. సరిగ్గా 'సి' అక్షరంలా ఉందని మా తమ్ముడు దానికి అప్పటికే టైప్-సి అని పేరు పెట్టేశాడు. ఆ తోక చూశాక ఎందుకో డౌట్ వచ్చి క్లిప్ మళ్లీ ఓపెన్ చేశాను. స్లో మోషన్‌లో, ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూశాను.

క్లిప్‌లో మీద పడుతున్న పిల్లి తోక నిటారుగా, కర్రలా ఉంది. వంకర తోక ఉన్నది కింద పడి తప్పించుకుంటోంది.

అంటే నేను దొంగ అని ముద్ర వేసింది దెబ్బలు తింటున్న పిల్లికి. బాబాయ్ చేతిలో మందు ప్యాకెట్ ఉంది. పరిగెత్తాను.

రాత్రి కెమెరాకి రంగులు తెలియవు

ఎందుకిలా జరిగింది? మన సైట్ రీడర్లకి ఇది తెలిసిన విషయమే, నాకూ తెలుసు. అయినా బోల్తా పడ్డాను.

కెమెరా సెన్సర్ ముందు ఒక ఐఆర్ కట్ ఫిల్టర్ ఉంటుంది. పగలు అది ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేసి, మన కంటికి కనిపించే రంగుల్నే పంపిస్తుంది. చీకటి పడగానే కెమెరాలోంచి "టక్" అని ఒక చిన్న శబ్దం వస్తుంది చూడండి, అది ఆ ఫిల్టర్ పక్కకి జరిగిన శబ్దం. తర్వాత ఐఆర్ ఎల్‌ఈడీలు వెలుగుతాయి. చాలా కెమెరాల్లో ఇవి 850 నానోమీటర్లవి, దగ్గర నుంచి చూస్తే లేత ఎర్రగా కనిపిస్తాయి. 940 నానోమీటర్లవైతే అసలు కనిపించవు కానీ రేంజ్ తగ్గుతుంది. ఏదైనా సరే, సెన్సర్‌కి అందేది ఎంత వెలుగు వెనక్కి వచ్చింది అన్న లెక్క మాత్రమే. రంగు అనే సమాచారం అందులో ఉండదు. బూడిద రంగు చారల పిల్లి, అల్లం రంగు పిల్లి రెండూ నా స్క్రీన్ మీద ఒకే సున్నం రంగులో కనిపించాయి.

కళ్లు మెరవడం కూడా దయ్యం వ్యవహారం కాదు. పిల్లి కంటి వెనక ట్యాపెటమ్ అనే అద్దం లాంటి పొర ఉంటుంది, వచ్చిన వెలుగుని వెనక్కి కొడుతుంది. ఎంత సాధువైన పిల్లయినా ఐఆర్‌లో రాక్షసిలాగే కనిపిస్తుంది. సగం నేరం అక్కడే రుజువైపోయింది నా బుర్రలో.

కాబట్టి రాత్రి ఫుటేజ్‌లో రంగు చూసి ఏ జంతువునీ గుర్తుపట్టకండి. తోక, చెవి మీద చిరుగు, నడక, ముఖం సైజు చూడండి. పగలు ప్రతి పిల్లికీ రెండు వైపులా ఫొటోలు తీసి ఒక ఆల్బమ్ పెట్టుకోండి, రాత్రి క్లిప్‌ని దాంతో పోల్చండి. మా పెరటి ఆల్బమ్‌లో చివరికి మూడు తేలాయి. ఒకటి టైప్-సి. రెండోది బూడిద చారల గండుపిల్లి, బుగ్గలు ఉబ్బి ముఖం చాటంత ఉంటుంది, దాన్ని గండు అనే పిలిచాం. మూడోది నల్లోడు, ఎడమ చెవి సగం చిరిగిపోయింది. ఆపరేషన్ కాని మగపిల్లులకి హార్మోన్ వల్ల బుగ్గలు అలా లావెక్కుతాయి. గొడవల్లో మెడకి, ముఖానికి అదే హెల్మెట్.

సెటప్ సంగతి

నేను వాడినవి రెండే. ఒకటి రెండు వేల లోపు దొరికే పాన్-టిల్ట్ వైఫై కెమెరా. రెండోది 2017లో కొన్న రెడ్‌మీ నోట్ 4, అందులో ఆల్ఫ్రెడ్ కెమెరా యాప్. ఫోన్ పగటి కాపలాకి. రాత్రికి పనికిరాదు, ఎందుకంటే ఏ ఫోన్‌లోనైనా మెయిన్ కెమెరా ఐఆర్ ఫిల్టర్ కదలదు, అతికించి ఉంటుంది. ఐఆర్ టార్చ్ కొని పక్కన పెట్టినా పెద్ద లాభం ఉండదు. ఇంకో జాగ్రత్త. పాత ఫోన్‌ని ఇరవై నాలుగు గంటలూ ఛార్జింగ్‌లో ఉంచితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. ఎండ తగిలే కిటికీలో అసలు వద్దు. నేను పొద్దున, సాయంత్రం రెండు గంటల చొప్పున ఛార్జ్ పెట్టేవాణ్ని.

కెమెరాని ఎత్తులో పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. పైనుంచి పిల్లి వీపు తప్ప ఏమీ కనబడదు. మోకాలి ఎత్తులో పెడితే ముఖం, తోక, గాయాలు అన్నీ తెలుస్తాయి. మోషన్ జోన్‌ని గోడ వరకే గీయండి. పక్కింటి వాకిలి ఫ్రేమ్‌లో రాకూడదు, అది మర్యాద కూడా. మొదటి రాత్రి నాకు వచ్చిన నోటిఫికేషన్లలో పిల్లులకంటే పురుగులే ఎక్కువ. లెన్స్ ముందు సాలీడు గూడు కడితే ఐఆర్ వెలుగు దాని మీద పడి స్క్రీన్ అంతా తెల్లగా అయిపోతుంది. రోజూ సాయంత్రం ఒక గుడ్డతో తుడవాల్సిందే, దీనికి యాప్ అప్‌డేట్ లేదు. రికార్డింగ్ మైక్రో ఎస్‌డీ కార్డ్‌లోకే పెట్టుకోండి, క్లౌడ్ అయితే డేటా ప్యాక్ పొద్దున కాఫీకి ముందే అయిపోతుంది. కరెంట్ పోయే ఊరైతే రౌటర్‌కి 12 వోల్టుల మినీ యూపీఎస్ తప్పనిసరి. మా దగ్గర గాలివాన వస్తే పోయేది మొదట కరెంటే, పిల్లులు మాత్రం వస్తాయి.

అల్ట్రాసోనిక్ రిపెల్లర్ గురించి చాలామంది అడుగుతారు. పిల్లి మనకంటే చాలా పై ఫ్రీక్వెన్సీలు వింటుంది, 60 కిలోహెర్ట్జ్ పైదాకా. మనకి 20 దగ్గరే ఆగిపోతుంది. థియరీ బాగుంది. నేనూ ఒకటి తెప్పించాను. గండు రెండు రోజులు దూరంగా ఉన్నాడు, మూడో రోజు దాన్ని ఆనుకుని పడుకున్నాడు. కెమెరాలో ఉండే టూ-వే ఆడియోలో "హేయ్" అని అరవడం కూడా అంతే. మొదటిసారి పారిపోతాయి, తర్వాత కెమెరా వైపు జాలిగా చూస్తాయి.

ఫుటేజ్ చెప్పిన అసలు కారణం

రెండు వారాలు టైమ్‌లు ఒక షీట్‌లో రాసుకున్నాను. గొడవల్లో చాలావరకు రాత్రి పదిన్నర తర్వాతే. పదింటికి అమ్మ గిన్నెలు కడిగి, మిగిలిన అన్నం, చేపల ముళ్లు పెరటి మూల పడేస్తుంది. ఆదివారం, బుధవారం చేపల కూర. ఆ రెండు రాత్రులూ యుద్ధమే. రింగ్ మేమే కట్టి, టికెట్లు మేమే అమ్ముతున్నాం అన్నమాట.

"అయితే ఇక పెట్టొద్దంటావా? పాపం రా" అంది అమ్మ. పెట్టొద్దనలేదు. పద్ధతి మార్చాం. సాయంత్రం ఆరింటికి, వెలుగుండగానే, రెండు పళ్లేలు, ఒకదానికొకటి కనబడనంత దూరంలో. అరగంట తర్వాత ఖాళీ అయినా కాకపోయినా తీసేయడం. ముళ్లు మూతున్న బకెట్‌లోకి. వారంలో గొడవలు సగానికి పైగా తగ్గాయి.

పూర్తిగా పోలేదు. ఎందుకంటే రెండో కారణం తిండి కాదు. ఆపరేషన్ కాని మగపిల్లులు జాగా కోసం, ఆడపిల్లుల కోసం కొట్టుకుంటాయి. దీనికి సెట్టింగ్స్‌లో ఆప్షన్ లేదు.

మధ్యలో ఒక రాత్రి నేను హీరోలా వాటి మధ్య చెయ్యి పెట్టాను. నల్లోడు బొటనవేలి కింద కోర దింపాడు. చిన్న రంధ్రమే, రక్తం కూడా పెద్దగా రాలేదు. ఇక్కడ మాత్రం సీరియస్‌గా వినండి. పిల్లి కాటుతో కూడా రేబిస్ వస్తుంది, లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు టైమర్ పెట్టి కడిగాను. పొద్దున్నే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి వ్యాక్సిన్ కోర్సు మొదలుపెట్టి, చెప్పిన తేదీలన్నీ క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకుని పూర్తి చేశాను. చర్మం తెగి రక్తం వచ్చే కాటుకి వ్యాక్సిన్‌తో పాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా ఉంటుంది, డాక్టర్ని అడగండి. పసుపు, సున్నం, కారం పెట్టకండి. గొడవ ఆపాలంటే స్టీల్ పళ్లెం మీద గరిటెతో కొట్టండి, లేదా మధ్యలోకి అట్టపెట్టె ముక్క తొయ్యండి. చెయ్యి మాత్రం వద్దు.

బోనకల్‌లో బోను

వీధి జంతువుల్ని పట్టుకుని, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి, మళ్లీ అదే చోట వదిలే పద్ధతి ప్రపంచమంతా ఉంది. కుక్కల విషయంలో మన దేశంలో 2023లో వచ్చిన ఏబీసీ రూల్స్ కూడా అదే చెప్తాయి. అదే చోట ఎందుకంటే, ఉన్న పిల్లిని ఎక్కడో పొలాల్లో వదిలేస్తే ఖాళీ అయిన జాగాలోకి, అదే తిండి కోసం, ఇంకో గండుపిల్లి వస్తుంది. గొడవ మళ్లీ మొదటి నుంచి.

వెల్డింగ్ షాపులో బోను చేయించాను. లోపల పలక తొక్కితే వెనక తలుపు పడుతుంది. మూడు రోజులు తలుపు కట్టేసి ఉంచి, లోపలే తిండి పెట్టాను, అలవాటు పడాలని. నాలుగో రోజు ఎండుచేప. గండు ఏడు నిమిషాల్లో పడ్డాడు. పడగానే బోను మీద దుప్పటి కప్పాలి, చీకటైతే శాంతిస్తుంది. కప్పకపోతే కమ్మీలకి కొట్టుకుని ముక్కు పగలగొట్టుకుంటుంది.

మీది అడవి అంచు ఊరైతే ఇంకో మాట. బోనులో పడింది వీధిపిల్లేనా అని చూసుకోండి. పొడుగు కాళ్లు, నిక్కబొడుచుకున్న చెవుల చివర చిన్న కుచ్చు, పొట్టి తోక మీద నల్ల కట్లు, ఒంటి మీద చారలు పెద్దగా లేవు అంటే అది బావురుపిల్లి. చెరువుల పక్క, చెరకు తోటల్లో తిరుగుతుంది. 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. వెంటనే తలుపు తీసెయ్యండి. పొలంలో దొరికిన కూనల్ని ఇంటికి తీసుకురాకండి, తల్లి దగ్గర్లోనే ఉంటుంది.

గండుని, నల్లోణ్ని వారం తేడాతో ఖమ్మం తీసుకెళ్లాం. ముందే ఫోన్ చేసి పిల్లులకి ఆపరేషన్ చేస్తారా అని కనుక్కోండి, అందరు పశువైద్యులూ చెయ్యరు. మగపిల్లికి చిన్న ఆపరేషన్, ఆడపిల్లికి కడుపు తెరవాలి కాబట్టి కోలుకోవడానికి ఎక్కువ రోజులు. మత్తులో ఉండగానే రేబిస్ టీకా వేయించి, ఎడమ చెవి కొస కొద్దిగా కత్తిరించమని అడగండి. దూరం నుంచి, ఐఆర్ ఫుటేజ్‌లో కూడా, "దీనికి అయిపోయింది" అని తెలిసే గుర్తు అదే. నల్లోడి చెవి ఎలాగూ సగం లేదు, అందుకని వాడికి కుడి చెవి కొస తీయించాం. డాక్టర్ గారు నవ్వారు.

మర్నాడే మారిపోతాయనుకోకండి. హార్మోన్ దిగడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ కొన్నాళ్లూ పిల్లలు పుట్టించే అవకాశం కూడా ఉంటుంది. మా షీట్‌లో ఆరో వారం నుంచి ఖాళీ గడులు కనపడ్డాయి.

టైప్-సి ఇంట్లోకి

వీధిపిల్లులన్నీ ఒకటి కాదు. మనుషుల మధ్య పెరగనిది నేలకి అణిగి, శబ్దం లేకుండా, మన కళ్లలోకి చూడకుండా తప్పుకుంటుంది. దాన్ని ఇంట్లో బంధించడం దానికి శిక్ష. ఒకప్పుడు ఎవరి ఇంట్లోనో పెరిగిందైతే తోక పైకెత్తి వస్తుంది, మ్యావ్ అంటుంది, నెమ్మదిగా కళ్లు మూసి తెరుస్తుంది. టైప్-సి రెండో రకం. పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి పెద్దగా మ్యావ్ అనవు, ఆ భాష మనకోసమే.

వాడి తోక మొదట్లో నిమ్మకాయంత వాపు. పిల్లి కాటుకి పైన చర్మం తొందరగా మూసుకుపోయి, లోపల చీము పడుతుంది. డాక్టర్ గారు దాన్ని కోసి శుభ్రం చేస్తూ ఒక మాటన్నారు. ఎదురు నిలబడి కొట్టుకునే పిల్లికి దెబ్బలు ముఖం మీద, ముందు కాళ్ల మీద ఉంటాయి, పారిపోయే పిల్లికి వెనక ఉంటాయి అని. నేను వాట్సాప్‌లో పెట్టిన క్యాప్షన్‌కి అంతకంటే పెద్ద జవాబు అక్కర్లేదు.

ఇంట్లో మందులపెట్టె చూసి పిల్లికి పారాసెటమాల్ ఇవ్వకండి, చిన్న ముక్క కూడా ప్రాణం తీస్తుంది. కుక్కలకి వాడే పర్మెత్రిన్ గోమార్ల మందు కూడా అంతే. పాలు చాలా పెద్ద పిల్లులకి అరగవు, నీళ్లు పెట్టండి. రెండు వారాలు వాడిని ఒకే గదిలో ఉంచాం. టబ్బులో జల్లించిన ఇసుక, దాక్కోవడానికి మానిటర్ వచ్చిన అట్టపెట్టె. నట్టల మందు, టీకాలు, ఆపరేషన్ అన్నీ ఆ గదిలో ఉండగానే అయిపోయాయి.

ఇక మీరు ఎదురుచూస్తున్న ప్రశ్న. చిప్ వేయిస్తే ఫోన్‌తో ట్రాక్ చెయ్యొచ్చా? చెయ్యలేం. పెంపుడు జంతువుల మైక్రోచిప్‌లో బ్యాటరీ లేదు, జీపీఎస్ లేదు. బియ్యపు గింజంత గాజు గొట్టంలో 15 అంకెల నంబర్ ఒకటే ఉంటుంది. అది పనిచేసేది 134.2 కిలోహెర్ట్జ్ దగ్గర, మన ఫోన్ ఎన్‌ఎఫ్‌సీ 13.56 మెగాహెర్ట్జ్. వెనక ఎంత రుద్దినా చదవదు, ప్రత్యేకంగా రీడర్ ఉండాలి. ఎయిర్‌ట్యాగ్ బ్లూటూత్ మీద నడుస్తుంది, చుట్టుపక్కల యాపిల్ ఫోన్లు ఉంటేనే లొకేషన్ దొరుకుతుంది. మా వీధిలో అవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైగా దాన్ని యాపిల్ వస్తువుల కోసమే తయారుచేసింది, జంతువుల కోసం కాదు. సిమ్ ఉన్న జీపీఎస్ ట్రాకర్లు పనిచేస్తాయి కానీ మూడున్నర కిలోల పిల్లి మెడకి బరువు.

మేం వాడింది ఒక ఎన్‌టీఏజీ213 స్టిక్కర్. దాని మెమరీ 144 బైట్లు, మా ఫోన్ నంబర్‌కి, "ఇది పెంపుడు పిల్లి, టీకాలు అయ్యాయి" అన్న మాటకి సరిపోయింది. చిన్న ప్లాస్టిక్ బిళ్లలో అతికించి, లాగితే ఊడిపోయే కాలర్‌కి కట్టాం. కొమ్మకి చిక్కుకుంటే ఉరి పడకూడదు కదా. అదే బిళ్ల మీద మార్కర్‌తో నంబర్ కూడా రాశాం, ఎందుకంటే మా వీధి పెద్దవాళ్లు పిల్లికి ఫోన్ ఆనించి స్కాన్ చేస్తారని నేననుకోను.

బాబాయ్ సంగతి చెప్పలేదు కదూ. ఆ రోజు గోడ దూకి వెళ్లి, క్లిప్ ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూపించి, తోక చూపించి, తప్పు నాదే అని చెప్పాను. ఆయన చాలాసేపు ఫోన్ కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "మరి నా కోడిపిల్లలు?" అన్నాడు. నిజంగానే దానికి నా దగ్గర జవాబు లేదు. పాత ఫోన్‌లో పగలు ఒక ముంగిస గోడ దిగడం రెండుసార్లు రికార్డయింది, నోట్లో ఏమీ లేదు. ఒకసారి రంగు చూసి తీర్పు చెప్పి బోల్తా పడ్డాక, ముంగిస మీద కేసు పెట్టడానికి నాకు నోరు రాలేదు. జంతువుకి విషం పెట్టి చంపితే 1960 జంతు హింస చట్టం, భారతీయ న్యాయ సంహితలో 325 సెక్షన్ ఉన్నాయని చెప్పాను కానీ ఆయన్ని ఆపింది చట్టం కాదు. ఆ మందు చేపముక్క సగం తిని పిల్లి వదిలేస్తే, మిగతాది ఆయన పెట్టే పొడుస్తుందని అమ్మ అన్న మాట. జింక్ ఫాస్ఫైడ్ కడుపులో యాసిడ్‌తో కలిసి ఫాస్ఫీన్ గ్యాస్ అవుతుంది, దానికి విరుగుడు లేదు.

ప్యాకెట్ తీసుకెళ్లి కొట్లో తిరిగిచ్చేశాడు. నేను, తమ్ముడు కలిసి కోళ్ల గూడుకి అర అంగుళం జాలీ కొట్టి, నేలలోకి జానెడు లోతు దించాం. ఆ తర్వాత కోడిపిల్ల పోలేదు.

వాట్సాప్ గ్రూప్‌లో ఆ పాత క్లిప్ డిలీట్ చెయ్యలేదు. దాని కిందే సవరణ పెట్టాను, తోక చుట్టూ ఎర్ర గీత గీసి. ఈ ఆర్టికల్ రాస్తుంటే టైప్-సి మెకానికల్ కీబోర్డ్ పక్కన పడుకుని, స్పేస్ బార్ నొక్కినప్పుడల్లా చెవి కదుపుతున్నాడు. నిన్న రాత్రి 10:47కి కెమెరా కొత్త ముఖం పట్టింది. పగటి ఫోన్‌లో వెతికితే మూడు రంగుల పిల్లి, ఆ రంగులు దాదాపుగా ఆడవాటికే వస్తాయి. కడుపు కొంచెం కిందికి జారినట్టుంది. పిల్లి చూలు తొమ్మిది వారాలే. బోనుకి నూనె రాసి పెట్టాను, రేపు పొద్దున డాక్టర్ గారికి ఫోన్ చెయ్యాలి.